కందెన చమురును దాని పీడనమును: టర్బో యంత్రములు నేర్పు పాఠము

ఎడ్లబండ్ల కాలమున బండివాడు దూరప్రయాణమునకు బయలుదేరుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టెడివాడు. కందెన లేని ఇరుసు మొదట కిఱ్ఱుమనును, పిమ్మట వేడెక్కును, తుదకు అఱిగి పాడగును. బండివానికి చెవులే మాపకములు. నేటి మోటారు కార్లలో తిరుగు భాగములన్నియు ఇనుపపెట్టెలో దాగియున్నవి. వాని మొఱ మనకు వినబడునప్పటికి కార్యము మించిపోవును. అందుచేత యంత్రనిర్మాతలు నడుపువాని యెదుట ఒక గేజినిగాని యొక యెఱ్ఱదీపమునుగాని అమర్చి, లోపలి చమురు పీడనమును తెలిసికొను వీలు కల్పించిరి.

గేజి సూది పైకి లేచియున్నచో యంత్రము క్షేమముగా నున్నదనియు, క్రిందికి దిగినచో అపాయమనియు, కావున సూదిని పైన నిలుపు చిక్కని చమురే మేలైన చమురనియు పలువురు తలంతురు. ఈ తలంపులో సగము మాత్రమే సత్యము. తక్కిన సగమును తెలియకపోవుటచే, లక్షల రూపాయల విలువగల యంత్రములు సూది చక్కగా నిలిచియుండగనే చెడిపోవుట కలదు. మిక్కిలి శక్తిమంతములైన టర్బో కార్లలో ఈ విషయము స్పష్టముగా కనబడును. ఏలయన వానియందు వేడిమి, వేగము, బరువు అను మూడును హద్దుల దాక పోవును. కావున వానినే ఉదాహరణముగా గైకొని, పీడనమనగా నేమి, చమురును ఎట్లు ఎన్నుకొనవలెను అను రెండు ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్ప యత్నింతుము. మా విద్యార్థులు తరగతిలో నేర్చిన భౌతికశాస్త్రముకంటె ఎక్కువ ఇందు అవసరము లేదు.

1. చమురు పొర యెట్లు పుట్టును?

1883వ సంవత్సరమున బీచమ్ టవర్ అను ఆంగ్లేయ ఇంజనీరు, లండనులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థవారి పక్షమున, రైలుబండ్ల ఇరుసుల వంటి వానికి కందెన ఎట్లు పనిచేయునో పరిశోధించెను. ఆయన యంత్రమున తిరుగు ఇరుసు యొక్క క్రిందిభాగము చమురు తొట్టిలో మునిగియుండెను. పైభాగమున బరువును మోయు ఇత్తడి బేరింగు ఉండెను. చమురు పోయుటకై ఆయన ఆ బేరింగు నడినెత్తిని ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగ మొదలిడగనే ఆ రంధ్రమునుండి చమురు పైకి పొంగి పొరలెను. కార్కుబిరడాతో మూయగా బిరడా బయటికి త్రోయబడెను. కొయ్యబిరడా కొట్టగా అదియు నిలువలేదు. అంతట అచ్చట ఒక పీడనమాపకమును అమర్పగా, దాని సూది చదరపు అంగుళమునకు 200 పౌన్లను దాటి, మాపకము యొక్క హద్దునే మీఱిపోయెను. బేరింగుపై నుంచిన బరువో సగటున చదరపు అంగుళమునకు 100 పౌన్లు మాత్రమే.

ఇచ్చట గమనింపవలసినదేమనగా, ఆ చమురును ఏ పంపును త్రోయలేదు. ఇరుసు తన భ్రమణముచేత చమురును ఈడ్చుకొనిపోయి, ఒకవైపు వెడల్పై మఱియొకవైపు ఇఱుకైన సందులోనికి దూర్చుచుండెను. ఇఱుకున చిక్కిన చమురు తప్పించుకొనజాలక పీడనమును పుట్టించి, ఇరుసును బేరింగును ఒండొంటికి తగులకుండ విడదీసినది. ఈ వింతకు కారణమును గణితముచేత 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ పండితుడు నిరూపించెను. నేటి యంత్రములలోని క్రాంకు బేరింగులన్నియు ఈ సూత్రముననే నిలిచియున్నవి.

కారు ఇంజనులో పంపు చమురును నాలుగైదు బార్ల పీడనముతో బేరింగునకు పంపును. ఒక బార్ అనగా చదరపు అంగుళమునకు సుమారు 14½ పౌన్లు. కాని సిలిండరులో ఇంధనము మండి పిస్టనును దిగద్రోయునప్పుడు బేరింగులోని చమురు పొరయందలి పీడనము వందలకొలది బార్లకు పెరుగును. కాబట్టి బరువును మోయుచున్నది పంపు పీడనము కాదు. పంపు చమురును వాకిటికి తెచ్చి విడుచును. బరువు మోయు పీడనమును ఇరుసు లోపల తానే పుట్టించుకొనును. ఈ పొర దళసరి మూడు సంగతులపై ఆధారపడును: చమురు చిక్కదనము, ఇరుసు వేగము, దానిపై బరువు. మొదటి రెండును పెరిగినకొలది పొర దళసరి యగును. మూడవది పెరిగినకొలది పలుచనగును. మిక్కిలి బరువు పడిన క్షణమున ఈ పొర ఒక మైక్రానుకంటె పలుచన కావచ్చును. మన తలవెండ్రుక సుమారు 70 మైక్రాన్ల లావుండునని తలంచిన, యంత్రము ఎంత సన్నని తెరపై బ్రదుకుచున్నదో తెలియగలదు.

2. మాపకము దేనిని కొలుచుచున్నది?

ఇంజను చమురు పంపు ఒక్కొక్క చుట్టునకు ఇంత యని చమురును ముందుకు త్రోయును. ఆ చమురు సన్నని కాలువలగుండ, బేరింగుల సందులగుండ బయటపడవలెను. దారిలో అడ్డంకి యున్నంతవఱకే పీడనము పుట్టును. విద్యుత్తును గూర్చిన ఓమ్ సూత్రమును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొందము. వోల్టేజి యనగా ప్రవాహమును నిరోధముచే గుణించిన ఫలము. అట్లే చమురు పీడనము, ప్రవాహమును దారిలోని అడ్డంకిచే గుణించిన ఫలము వంటిది. సూది పైకి లేచినప్పుడు ప్రవాహము పెరిగెనో, అడ్డంకి పెరిగెనో సూది చెప్పజాలదు. దీనినుండి మూడు ఫలితములు తేలును.

మొదటిది: ప్రొద్దున చల్లని ఇంజనును నడపగనే సూది మిక్కిలి పైన నిలుచును. 40వ తరగతి చమురు ఒకటి 20 డిగ్రీల వేడిమియొద్ద సుమారు 200 సెంటీస్టోకుల చిక్కదనము గలదైన, 100 డిగ్రీలయొద్ద 14 మాత్రమే గలిగియుండును. చల్లని చమురు సందులలో తేలికగా పాఱదు గనుక పీడనము పెరుగును. హద్దు మీఱినంతనే పంపునొద్దనున్న విడుదల కవాటము తెఱచుకొని, మిగులు చమురును పంపు నోటికో క్రింది తొట్టికో మరల్చును. అనగా సూది మిక్కిలి పైనున్న ఆ సమయముననే బేరింగులకును టర్బోకును చేరు చమురు తక్కువ. చల్లని ఇంజనును గట్టిగా త్రొక్కరాదను నియమమునకు ఇదియొక ముఖ్యకారణము.

రెండవది: బేరింగు అఱిగి సందు పెరిగినప్పుడు చమురు తేలికగా జాఱిపోవును, సూది దిగును. సందునుండి పాఱు చమురు సందు వెడల్పు యొక్క ఘనమును అనుసరించును. సందు రెట్టింపైన, అదే పీడనమునకు ప్రవాహము ఎనిమిది రెట్లగును. అట్టి ఇంజనులో చిక్కని చమురు పోసినచో సూది మరల లేచును. కాని అఱిగినది అతుకుకొనలేదు. జ్వరముగల బిడ్డ నోటిలో చన్నీళ్లు పోసి జ్వరమాపకమును పెట్టినట్లే యగును గాని వేఱు కాదు.

మూడవది: కాలువ ఎచ్చటనైన పూడుకొనినచో, పూడికకు వెనుకనున్న మాపకము తగ్గుటకు మాఱు పెరుగుదలనే చూపవచ్చును. టర్బోకు చమురు తీసికొనిపోవు సన్నని గొట్టము మసితో మూసికొనిపోయి టర్బో ఎండిపోవుచుండగా, ఇంజను గేజి నిక్షేపముగా నుండవచ్చును.

3. టర్బోచార్జరు కోరునదేమి?

ఇంజను విడుచు వేడి పొగచేత ఒక చక్రమును త్రిప్పి, ఆ చక్రముచేత గాలిని అదిమి తిరిగి ఇంజనుకే పంపుట టర్బోచార్జరు పని. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ మోంజా స్పైడర్ అను కార్లు దీనిని సామాన్యుల వాహనములలోనికి తెచ్చెను. 1973లో బీ.ఎం.డబ్ల్యు. 2002 టర్బోయు, 1974లో పారిస్ ప్రదర్శనమున కనబడిన పోర్షే 911 టర్బోయు వేగప్రియులలో దీనికి ఖ్యాతి గలిగించెను.

ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినచో సెకనునకు 100 చుట్లు. టర్బో ఇరుసు నిమిషమునకు లక్షన్నర చుట్లు తిరుగుట సామాన్యము. అనగా సెకనునకు 2,500 చుట్లు. ఆ ఇరుసు 8 మిల్లీమీటర్ల లావు గలదైన, దాని అంచు సెకనునకు సుమారు 63 మీటర్లు, అనగా గంటకు 226 కిలోమీటర్ల వేగమున చమురుపై జాఱుచుండును. ఒక చివరనున్న చక్రమును తాకు పొగ, పెట్రోలు ఇంజనులలో 950 డిగ్రీలకు పైబడవచ్చును. రెండవ చివర గాలిని అదుము చక్రము గలదు. నడుమ వ్రేలెడు దూరమున బేరింగులు!

పెక్కు టర్బోలలో ఈ బేరింగు బిగించినది కాదు. అది ఇరుసునకును గూటికిని నడుమ చమురులో తేలుచు తానును తిరుగును. లోపల నొక పొర, వెలుపల నొక పొర. ఈ చమురు రెండు పనులు చేయవలెను: ఇరుసును తేల్చుట, వేడిమిని కొనిపోవుట. వేడిమిని కొనిపోవుటకు వలసినది ప్రవాహము గాని నిలుకడగానున్న పీడనము కాదు. టర్బోనుండి బయటపడు చమురు సామాన్యముగా తన బరువుచేతనే క్రింది తొట్టికి దిగవలెను గనుక, దిగు గొట్టము లావుగను, వంకరలు లేకయు ఉండవలెను. అది మూసికొనిన చమురు వెనుకకు తన్ని, అంచులను దాటి పొగగా బయటపడును. గుండ్ల బేరింగులుగల టర్బోలకు చమురు తక్కువ చాలును; వానికి పీడనము మిక్కుటమైనను కీడే. అందుచే అట్టి వాని ప్రవేశద్వారమున సన్నని రంధ్రము గల అడ్డుబిళ్ల నుంతురు.

వేగముగా నడిపి ఒక్కసారిగా ఇంజనును ఆపినచో మఱియొక చిక్కు గలదు. పంపు ఆగిపోవును, చమురు నిలిచిపోవును, ఎఱ్ఱగా కాగిన చక్రపు వేడిమి మెల్లగా బేరింగులోనికి దిగి, అచ్చటి చమురును మాడ్చి బొగ్గుగా జేయును. మూకుడు అడుగున మాడిన నూనె గట్టిపడి అంటుకొనునట్లే ఇదియు. నేటి టర్బోలలో పెక్కింటికి బేరింగు గూటి చుట్టు నీటి కాలువలున్నవి గనుక ఈ బాధ చాల తగ్గినది. అయినను ఘాటుగా నడిపిన పిమ్మట కడపటి రెండుమూడు మైళ్లు నెమ్మదిగా నడుపుట మంచి యలవాటు.

4. డబ్బాపైని సంఖ్యల యర్థము

నువ్వులనూనెను ఆముదమును రెండు గిన్నెలలో వంచి చూచినవారికి చిక్కదనమనగా నేమో చెప్పనక్కఱలేదు. ఆముదము పదింతలకు పైగా చిక్కన. ఒకప్పుడు పందెపు కార్లకును విమానములకును ఆముదమే కందెన. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీవారు ఆముదము కలిపిన తమ చమురునకు పెట్టిన క్యాస్ట్రాల్ అను పేరు, ఆముదమునకు ఆంగ్లనామమైన క్యాస్టర్ నుండియే పుట్టినది.

నేటి డబ్బాలపై 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-40 అను గుర్తులుండును. ఇవి అమెరికాలోని ఎస్.ఏ.ఇ. సంస్థవారి తరగతులు. డబ్ల్యు అను అక్షరము చలికాలమునకు గుర్తు. దానికి ముందున్న సంఖ్య తక్కువైనకొలది గడ్డకట్టు చలిలోను చమురు తేలికగా కదలును. వెనుకనున్న సంఖ్య 100 డిగ్రీల వేడిమియొద్ద చిక్కదనమును తెలుపును: 20వ తరగతికి 6.9 మొదలు 9.3 లోపల, 30వ తరగతికి 9.3 మొదలు 12.5 లోపల, 40వ తరగతికి 12.5 మొదలు 16.3 లోపల, 50వ తరగతికి 16.3 మొదలు 21.9 లోపల సెంటీస్టోకులు. కాబట్టి 0డబ్ల్యు-40 చమురు వేడెక్కినప్పుడు 5డబ్ల్యు-30 కంటె చిక్కనిదే గాని పలుచనిది కాదు. మొదటి సంఖ్యనే చూచి, సున్న గనుక నీళ్లవలె నుండునని భ్రమపడువారు కలరు.

అయితే బేరింగు సందులో చమురు ఊరక కూర్చుండదు, మహావేగమున నలుగుచుండును. అందుచే 150 డిగ్రీల వేడిమియందు, గట్టిగా నలుచుచు కొలుచు మఱియొక పరీక్ష కలదు. ఇందు 20వ తరగతికి కనీసము 2.6, 30వ తరగతికి 2.9, 0డబ్ల్యు, 5డబ్ల్యు, 10డబ్ల్యు గుర్తులుగల 40వ తరగతికి 3.5 సెంటీపాయిజులు ఉండవలెను. ఘాటుగా నడుచు యంత్రమునకు బేరింగు రక్షణను తెలుపుటలో ఈ సంఖ్య మొదటిదానికంటె విలువైనది. డబ్బాపైన ఇది అచ్చుపడదు గాని తయారుదారుల వివరపత్రములలో దొరకును.

ఇక వేడిమి ప్రభావమును చూడుడు. సామాన్యమైన 5డబ్ల్యు-40 చమురు 130 డిగ్రీలయొద్ద సుమారు 8 సెంటీస్టోకులకు పలుచబడును. 5డబ్ల్యు-30 చమురు 120 డిగ్రీలయొద్దనే ఇంచుమించు అంత యుండును. అనగా చమురు వేడిమి పదిడిగ్రీలు పెరిగినచో, ఒక తరగతి చిక్కదనముచే గలిగిన లాభము కరగిపోవును. కావున పందెపుబాటపై నడుపువాడు చిక్కని చమురునకై వెదకుటకు ముందు, చమురును చల్లార్చు పరికరము చాలునా యని విచారింపవలెను.

5. రెండు కార్లు, రెండు చమురులు

జపాను దేశపు నిస్సాన్ కంపెనీవారు 2007 డిసెంబరు మొదలు 2025 వఱకు జీ.టీ.-ఆర్ అను ప్రసిద్ధమైన కారును తయారుచేసిరి. దానిలో 3.8 లీటర్ల ఆఱు సిలిండర్ల ఇంజనును, రెండు టర్బోలును గలవు. దానికి కంపెనీవారు నిర్ణయించినది 0డబ్ల్యు-40 తరగతిగల మొబిల్ 1 చమురు. అదే దేశపు టొయోటా కంపెనీవారు 2020లో జీ.ఆర్. యారిస్ అను చిన్న కారును వెలువరించిరి. దాని ఇంజను 1.6 లీటర్లది, మూడు సిలిండర్లది, ఒకే టర్బో గలది. పరిమాణమును బట్టి చూడగా అసాధారణమైన శక్తి గలది. దానికి నిర్ణయించినది 0డబ్ల్యు-20.

రెండును వేగపు కార్లే. రెండును టర్బో కార్లే. ఒకదానికి 3.5 కనీసముగా గల చమురు, రెండవదానికి 2.6 కనీసముగా గల చమురు! ఏది మేలని యడిగిన, ప్రశ్నయే సరికాదు. బేరింగుల వెడల్పు, వాని సందు, పంపు పరిమాణము, చమురును చల్లార్చు ఏర్పాటు, ఇంధనమును పొదుపు చేయవలెనను నిర్బంధము, ఇవన్నియు కలిసి చమురును నిర్ణయించును. ఒకని చెప్పులు మంచివే యైనను వేఱొకని కాలికి పట్టునను నియమము లేదు.

అయితే నిర్ణయించిన చమురు బజారు నడకకేనా, పందెపుబాటకును సరిపోవునా? ఈ సందేహమునకు నిర్మాతల పుస్తకములలోనే కొంత సమాధానము కలదు. మిక్కిలి వేగముగను, మిక్కిలి బరువుతోను నడుపునప్పుడు హెచ్చు చిక్కదనముగల చమురు మేలు కావచ్చునని టొయోటావారి వాహన పుస్తకములలో చెప్పుట కలదు. కావున నెమ్మదిగా నడచు దినములకు ఒకటి, ఘాటైన వాడుకకు ఒక మెట్టు పైదియు వాడుట యుక్తము. రెండుమూడు మెట్లు ఎగబ్రాకుట యుక్తము కాదు. మితిమీఱిన చిక్కదనమువలన చమురు తనలో తానే ఒరసికొని వేడెక్కును. పంపునకు శక్తి వృథాయగును. చల్లని ఉదయమున టర్బోను ఆలస్యముగా చేరును. సూది మాత్రము మిక్కిలి సంతోషముగా పైన నిలిచియుండును!

6. మలుపులలో జరుగు మోసము

తొట్టిలో సమముగా నిలిచియున్న చమురు, కారు మలుపు తిరుగునప్పుడు ఒక ప్రక్కకు ఎగబ్రాకును. ప్రక్కకు త్రోయు త్వరణము భూమ్యాకర్షణ త్వరణముతో సమానమైనప్పుడు చమురు ఉపరితలము 45 డిగ్రీలు వాలును. మంచి టైర్లుగల వేగపు కారు ఈ స్థితిని చేరగలదు. అప్పుడు పంపు యొక్క పీల్చు గొట్టము చమురును విడిచి గాలిని పీల్చును. పీడనము ఒక్కసారి కూలును. ఆ ఒకటి రెండు సెకనులలో క్రాంకు ఇరుసు వందమార్లకు పైగా తిరుగును. మలుపు ముగియగనే సూది తిరిగి లేచును గనుక నడుపువానికి ఏమియు తెలియదు. చాల కార్లలో సూది మెల్లగా కదలునట్లు చేయబడియుండుటచే అది దిగినట్లే కనబడకపోవచ్చును.

దీనిని ఏ చమురును మాన్పలేదు. తొట్టిలో అడ్డుగోడలు కట్టుట, చమురు మట్టమును పైగీటువఱకు ఉంచుట మొదటి ఉపాయములు. తొట్టిలో చమురునే నిలువనీయక వేఱు పంపులచే ఎత్తి పొడుగాటి పాత్రలో నిలువయుంచుట ఉత్తమోపాయము. పోర్షే 911 కార్లు 1964లో తొలుత వెలువడినప్పటినుండియు ఈ రెండవ పద్ధతి గలవియే.

7. చమురునకు పట్టు తెగుళ్లు

చమురు ఎన్నుకొనుటతో పని ముగియలేదు. పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము ఇంజనులలో, ముఖ్యముగా తఱచు చిన్నచిన్న దూరములే నడిపినప్పుడు, మండక మిగిలిన పెట్రోలు గోడలవెంట దిగి చమురులో కలియును. అట్లు పలుచబడిన 40వ తరగతి చమురు 30వ తరగతివలె ప్రవర్తింపవచ్చును. అప్పుడు కొలపుల్లపై మట్టము తగ్గక పెరుగును, పెరిగినదని సంతోషింపరాదు.

మఱియొక తెగులు, తక్కువ వేగమున టర్బో గట్టిగా త్రోయునప్పుడు, నిప్పురవ్వకు ముందే ఇంధనము తనంతట మండి పిస్టనును పగులగొట్టుట. చమురులో శుభ్రతకై కలుపు కాల్షియమ్ సమ్మేళనములు దీనిని హెచ్చించునని తెలియవచ్చుటచే, కాల్షియమును తగ్గించి మెగ్నీషియమును చేర్చిరి. 2020 మే మొదలు అమలునకు వచ్చిన ఏ.పి.ఐ. వారి ఎస్.పి. తరగతి చమురులు ఈ పరీక్షకు నిలిచినవి. కావున డబ్బాపైని చిక్కదనపు సంఖ్య ఒక్కటే చాలదు. నిర్మాత కోరిన ప్రమాణపు గుర్తు కూడ నుండవలెను.

8. ఎన్నుకొనుటయందు క్రమము

ఇంతవఱకు చెప్పినదానిని ఆచరణకు అనుకూలముగా ఈ క్రిందివిధముగ కూర్చుచున్నాము.

(1) మొదట వాహన పుస్తకమును తెఱచి, అందు చెప్పిన ప్రమాణమును, చిక్కదనమును చూడవలెను. పుస్తకమునకు ముందు ఎవరి మాటయు వినరాదు.
(2) తన వాడుక ఎట్టిదో నిజాయితీతో విచారింపవలెను. నెలకొకమాఱు వేగముగా నడుపువాడు పందెగాడు కాడు.
(3) చమురు వేడిమిని తెలుపు మాపకమున్నచో పీడనమును దానితో కలిపి చదువవలెను. 60 డిగ్రీలయొద్ద పీడనమునకును 110 డిగ్రీలయొద్ద పీడనమునకును పోలికయే లేదు.
(4) వేయి చుట్లకు పది పౌన్ల పీడనముండవలెనను పాతకాలపు లెక్కను చట్టమువలె పట్టుకొనరాదు. నేటి పెక్కు ఇంజనులలో కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి పంపు కావలెననియే పీడనమును తగ్గించును.
(5) యంత్రము ఆరోగ్యముగా నున్నప్పుడు, అదే వేడిమి, అదే వేగములయొద్ద సూది ఎచ్చట నిలుచునో వ్రాసిపెట్టుకొనవలెను. పిమ్మట కలిగిన మార్పే మనకు వార్త. సంఖ్య తనంతట వార్త కాదు.
(6) సూది మునుపటికంటె దిగినచో చిక్కని చమురు పోయుటకు ముందు కారణమును వెదకవలెను: మట్టము తగ్గెనా, పెట్రోలు కలిసెనా, పీల్చు జల్లెడ మూసికొనెనా, విడుదల కవాటము ఇరికెనా, బేరింగు అఱిగెనా, లేక మాపకమే చెడెనా?
(7) ఎఱ్ఱదీపము వెలిగినచో ఆ క్షణముననే ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలెను. సామాన్యముగా ఆ దీపము పీడనము అరబార్‌ ప్రాంతమునకు పడిపోయిన తరువాతనే వెలుగును. అది హెచ్చరిక యనుటకంటె తీర్పనుట యుక్తము.

9. ముగింపు

జీ.టీ.-ఆర్ వంటి కార్లు మన ఊళ్లలో అరుదుగా కనబడును గాని, ఒక లీటరు ప్రాంతపు చిన్న టర్బో పెట్రోలు ఇంజనులుగల కార్లు మన వీథులలో నేడు సామాన్యములు. వాని టర్బోలును లక్షలకొలది చుట్లు తిరుగునవే. వానికిని ఈ సూత్రములే వర్తించును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలి 45 డిగ్రీలు దాటుట కలదు. మన ఉదయములు గడ్డకట్టునవి కావు గనుక డబ్ల్యుకు ముందరి సంఖ్యనుగూర్చి మనకు చింత తక్కువ. చమురును కాలము తప్పక మార్చుటను గూర్చియు, ఘాటు నడక పిమ్మట యంత్రమును నెమ్మదింపజేయుటను గూర్చియు శ్రద్ధ ఎక్కువ కావలెను.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు యంత్రశాలలలో పనిచేయుదురు. సూది దిగినదని మొఱపెట్టుకొనుచు వచ్చినవాని కారులో చిక్కని చమురు పోసి సూదిని లేపి పంపుట సులభము. అతడు సంతోషించి డబ్బిచ్చి పోవును. కాని అతని భార్యాబిడ్డలు ఆ కారులో రాత్రివేళ దూరప్రయాణము చేయుదురు. కొలత దేనిని కొలుచుచున్నదో తెలిసికొని, దాని వెనుకనున్న కారణమును వెదకి చెప్పువాడే నమ్మదగిన పనివాడు. ఈ గుణము యంత్రశాలలోనే గాక, మార్కుల పట్టికను చూచు తల్లిదండ్రులకును, దానిని వ్రాయు మాబోటి ఉపాధ్యాయులకును అవసరమైనదే.

అభ్యాసము

1. టవర్ ప్రయోగమున కొయ్యబిరడా ఎందులకు బయటికి త్రోయబడెను? అచ్చట పంపు కలదా?
2. చల్లని ఇంజనులో సూది పైనున్నను బేరింగులకు చేరు చమురు తక్కువ యగుటకు కారణమేమి?
3. బేరింగు సందు మూడు రెట్లైన, అదే పీడనమునకు ప్రవాహము ఎన్ని రెట్లగును?
4. నిమిషమునకు 1,80,000 చుట్లు తిరుగు టర్బో సెకనునకు ఎన్ని చుట్లు తిరుగును?
5. మీ ఇంటనున్న లేక మీ పొరుగున నున్న వాహనము యొక్క పుస్తకమును చూచి, దానికి నిర్ణయించిన చమురు తరగతిని, ప్రమాణమును వ్రాయుడు.